ఇంటర్నేషనల్ బిజినెస్ చదువుకు సంఘంల అప్పు అడిగితే

(సమాఖ్య వార్షిక మహాసభలో మా గ్రామ సంఘం తరఫున చెప్పిన మాటలు)



ప్రతి ఏడు ఇక్కడ నిలబడి పొదుపు ఎంత, రికవరీ ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత అని చదివి కూసుంటం. ఈసారి ఆ లెక్కలు నివేదికలో అచ్చయినయి, చూసుకోవచ్చు. మేము ఒక్క అప్పు గురించే చెప్తం. అది ఇంకా పూర్తిగా ఇయ్యని అప్పు. దాని మీద మా సంఘంల నాలుగు సమావేశాలు గడిచినయి, ఇద్దరు సభ్యులకు మాటలు కూడ బంద్ అయినయి, మళ్లీ కలిసినయి.

మొన్న ఏప్రిల్‌ల, మిర్చి అమ్మకాలు అయిపోవస్తున్న రోజులల్ల, తండా అక్క ఒకామె సమావేశానికి ప్లాస్టిక్ ఫైలు పట్టుకొని వచ్చింది. ఆమె బిడ్డ హనుమకొండల బీబీఏ పాసయింది. ఫైలుల ఇంగ్లండు యూనివర్సిటీ ఇచ్చిన కాగితం ఉన్నది. ‘ఎమ్మెస్సీ ఇంటర్నేషనల్ బిజినెస్ మేనేజ్‌మెంట్, ఒక సంవత్సరం’ అని ఉన్నది. అక్క అడిగింది ఏందంటే, తన పేరు మీద ఎంత వస్తే అంత అప్పు, ఇంక ముగ్గురు సభ్యుల పేరు మీద తీసి అది కూడ తనకే ఇయ్యాలె. మిగిలింది రెండెకరాల పట్టా కుదువ పెట్టి తెస్తనన్నది. కన్సల్టెన్సీ వాళ్లు పది రోజులల్ల డిపాజిట్ కట్టుమన్నరట, లేకుంటే సీటు పోతదట.

మాకు వెంటనే మాట రాలే. ఇదే తీరు మాట మూడేండ్ల కింద ఒకసారి విన్నం.

అప్పుడు అడిగింది ఇంకో అక్క, కొడుకు కోసం. మేము ఒక్క ప్రశ్న అడగలే. పిలగాడు హుషారున్నడు, ఊరికి పేరొస్తది అనుకున్నం. నలుగురి పేరు మీద అప్పు రాసి, తీర్మానం మీద వరుసగా సంతకాలు పెట్టినం. బ్యాంకు ఖాతాల 28 రోజులు చూపించాల్సిన పైసలు కూడ ఆమె బయట మిత్తికి తెచ్చింది. ఆ మిత్తి ఎంతనో మాకు తర్వాత తెలిసింది. పిలగాడు పోయిండు, పాసయిండు, కానీ చదివిన పని దొరకలే. గోడౌనుల పెట్టెలు మోసే పని దొరికింది. ఇక్కడ మూడో నెలకే కిస్తు తప్పింది. ఎవరి పేరు మీద అప్పు ఉన్నదో వాళ్లకు బ్యాంకు నుంచి ఫోన్లు. ఒకామె తన బిడ్డ పురుడు కోసం అప్పు అడిగితే, పాతది బాకీ ఉన్నదని రాలేదు. అది మా తప్పే. ఆమె ముందర ఇప్పటికీ తల ఎత్తలేకపోతున్నం. మొన్న ఉగాదికి ఆ బాకీ తీరింది. పిలగాడు మంచోడు, నెలనెలా పంపిండు, అది కూడ చెప్పాలె.

అందుకే ఈసారి సంతకం కంటే ముందు, ‘బిడ్డనే సమావేశానికి తోలుకరా, అసలు ఆ చదువు ఏందో చెప్పమను’ అన్నం.

ఆ పిల్ల వచ్చింది. కొంచెం కోపం మీద ఉన్నది. వచ్చుడు వచ్చుడే ఒక మాటన్నది: “అన్న పోయిననాడు మీరు ఒక్క ప్రశ్న అడగలేదట గదా. నాకెందుకు ఇన్ని?” జవాబు మా దగ్గర లేకుండె. మా పెద్దమ్మ ఒకామె, అరవై దాటింది, పక్కనుంచి అందుకున్నది: “అదే పైసలు పెట్టి పెండ్లి చేస్తనంటే మీరు అడుగుతరా? బాకీ చేసి మరీ చేస్తరు.” ఆ రోజు రాసుకున్న తీర్మానంల మొదటి వాక్యం ఇదే: ఇగ నుంచి ప్రశ్నలు కొడుకైనా బిడ్డైనా అందరికీ ఒకటే.

తర్వాత పిల్ల చెప్పుడు మొదలుపెట్టింది. మేము పదో తరగతి వరకు చదివినోళ్లం, సగం మంది వేలిముద్ర నుంచి సంతకం నేర్చుకున్నోళ్లం. మాకు అర్థమయ్యేటట్టు మన మిర్చి మీదనే చెప్పింది. అది మీకు కూడ చెప్తం, ఎందుకంటే ఆ గంట మాకు బాగ పనికొచ్చింది.

మన కల్లం మీద ఎండిన తేజ మిర్చి మానుకోటకో, వరంగల్ ఏనుమాములకో పోతది. జెండా పాట అయితది, కాంటా అయితది, అడ్తి వాళ్లు తక్‌పట్టీ చేతుల పెడ్తరు. అక్కడితోని మనకు ఆ సరుకు కథ అయిపోయినట్టే. నిజానికి అక్కడ్నే మొదలైతది. తొడిమెలు తీసి, తాలు ఏరి, బస్తాలు కట్టి, కంటైనర్ల చైనాకు, థాయిలాండుకు, బంగ్లాదేశ్‌కు, మలేషియాకు పంపుతరు. మన దేశం మిర్చి ఎక్కువ కొనే దేశం చైనా. అక్కడ వంటల వాడుకుంటరు, కారం తీసిన నూనె పట్టే ఫ్యాక్టరీలు కూడ ఉన్నయి. చైనా వాడు ఈ ఏడు కొనుడు తక్కువ చేసిండంటే, మన జెండా పాట రేటు పడేది అందుకే. మేము ఇన్నేండ్లు అడ్తి సేటునే తిట్టుకున్నం. సేటు పాపం లేదని కాదు, కానీ రేటు మొత్తం ఆయన చేతుల లేదు.

ఇగ చైనా వాడు మన మొఖం చూడలే, మనం వాని మొఖం చూడలే. ముందు సరుకు పంపాల్నా, ముందు పైసలు పంపాల్నా? దీనికి లెటర్ ఆఫ్ క్రెడిట్ అని ఉంటదట. కొనేటోని బ్యాంకు మన వ్యాపారి బ్యాంకుకు మాట ఇస్తది: ఫలానా కాగితాలు ఫలానా తీరుగ తెస్తే పైసలు కడ్తనని. బ్యాంకు మిర్చి చూడదు, కాగితమే చూస్తది. కాగితంల ఒక పేరు తప్పు పడ్డా, తేదీ దాటినా ఆపుతది. ఇది విని మా సంఘం మొత్తం నవ్వినం. తీర్మానం కాపీల ఒక్క సంతకం తక్కువ పడితే మేనేజర్ సారు మనల్ని వాపస్ పంపడా? ఆ పద్ధతే సముద్రం దాటి కూడ నడుస్తున్నదన్నమాట.

ఓడ కిరాయి ఎవరిది, దారిల సరుకు మునిగితే నష్టం ఎవరిది అనేటందుకు కూడ చిన్న చిన్న మాటలున్నయి. ఎఫ్‌ఓబీ చెన్నై అంటే చెన్నైల ఓడ మీద ఎక్కించేదాక అమ్మినోని ఖర్చు, తర్వాత కొన్నోనిది. సీఐఎఫ్ అంటే ఓడ కిరాయి, బీమా కూడ అమ్మినోడే కలిపి రేటు చెప్తడు. మిర్చికి ప్రపంచమంత తెలిసే నంబరు ఉన్నది, 0904. ఏ దేశం కస్టమ్స్ ఆఫీసుల అయినా ఆ నంబరు చెప్తే సరుకు ఏందో తెలుస్తది. చదువుల ఇవి నేర్పుతరు, ఇంక డాలరు రేటు పెరిగితే తగ్గితే ఏం చేయాలె, వేరే దేశపోళ్లతోని బేరం ఎట్ల మాట్లాడాలె, అవి కూడ.

మా సంఘంల నలుగురు కలిసి కారంపొడి పట్టిస్తరు. వాళ్లకు ఆశ పుట్టింది. “మనం కూడ పంపొచ్చునా?” అని అడిగిన్రు. పిల్ల చెప్పింది: ఎగుమతి చేసేటోళ్లకు ఐఈసీ అనే నంబరు కావాలె, ఆన్‌లైన్ల తీసుకోవచ్చు, ఫీజు 500 రూపాయలు. మసాలా సరుకు గనుక స్పైసెస్ బోర్డుల రిజిస్ట్రేషన్ కూడ కావాలె. “కానీ 500 కడితే నంబరు వస్తది అక్కా, కొనేటోడు రాడు” అన్నది. ఆ మాటతోనే ఈ పిల్లకు చదువు పనికొస్తదని మాకు నమ్మకం కుదిరింది.

ఇంకో సంగతి చెప్పి అందరి మొఖాలు మార్చింది. మనం మిర్చిని ఉత్త నేల మీద ఆరబోస్తం. బస్తా తొక్కే ముందు కాయ పగలకుండ, తూకం కూడ వస్తదని, నీళ్లు చల్లుతం. ఆ తేమకు బూజు పడ్తది, బూజుల అఫ్లాటాక్సిన్ అనే విషం పుడ్తది. యూరప్ దేశాలల్ల మిర్చికి దాని హద్దు కిలోకు 10 మైక్రోగ్రాములు. అంటే వెయ్యి టన్నుల మిర్చిల 10 గ్రాములు. అంతకు మించితే సరుకు వాపస్. మన చెంబెడు నీళ్లు ఎక్కడ పోయి తగులుతున్నయో చూడున్రి. ఈ ఏడు మా సంఘంల పదకొండు మంది కల్లానికి టార్పాలిన్ పరుస్తమని రాసుకున్నరు. నీళ్లు చల్లుడు బంద్ చేసుడు మీద మాత్రం ఇంకా పంచాయితీ నడుస్తున్నది, తూకం పోతదని.

2021, 22ల మన తోటలు నాశనం చేసిన నల్ల తామర పురుగు యాదికున్నదా? పువ్వు పువ్వుల పది ఇరవై పురుగులు. అది కూడ ఆగ్నేయాసియా దేశాల పురుగే. పురుగు పాస్‌పోర్టు లేకుండ వచ్చింది, మన పిల్లకు పాస్‌పోర్టు, వీసా, 30 లక్షలు కావాలె అని ఒకక్క అన్నది. అందరం నవ్వినం, వాళ్ల యాడి మాత్రం నవ్వలే.

ఎందుకంటే పైసల లెక్క అప్పుడే బోర్డు మీద వేస్తున్నం. అది మీరు కూడ నోటుబుక్కుల రాసుకోన్రి.

ఈ పిల్లకు వచ్చిన సీటు ఫీజు 15,000 పౌండ్లు. కొన్ని చోట్ల దీనికి రెండింతలు కూడ ఉంటది. పౌండు 115 రూపాయలనుకుంటే 17,25,000. లండన్ బయట బతుకుడు ఖర్చు నెలకు 1,136 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలది చూపించాల్సి ఉండె, ఇది 2025 జనవరిల వాళ్ల ప్రభుత్వం పెట్టిన అప్పటి లెక్క. అది 11,75,760. దవాఖాన సర్‌ఛార్జి ఏడాదికి 776 పౌండ్లు, వీసా ఏడాది దాటుతది గనుక ఏడాదిన్నరకు 1,164. అది 1,33,860. 2025 ఏప్రిల్‌ల పెట్టిన వీసా ఫీజు 524 పౌండ్లుండె, 60,260 రూపాయలు. మొత్తం 30,94,880. ఇంగ్లీషు పరీక్ష, విమానం, స్వెట్టర్లు ఇందుల లేవు.

మిర్చి క్వింటాలుకు 13 వేలనుకున్నా ఇది 238 క్వింటాళ్లు. ఎకరానికి 20 పండినా పన్నెండెకరాల పంట, పెట్టుబడి తియ్యకుండ. ఆ అక్కకు ఉన్నది రెండెకరాలు. 31 లక్షలు నూటికి ఏడాదికి 11 మిత్తి మీద బ్యాంకుల పదేండ్లకు తీసుకుంటే నెల కిస్తు 42 వేలు దాటుతది.

“అక్కడ పార్ట్ టైమ్ పని చేసి కడ్తది” అని కన్సల్టెన్సీ వాళ్లు వాళ్ల యాడికి చెప్పిన్రట. చదువు నడిచే రోజులల్ల వారానికి 20 గంటలే పని చేయనిస్తరు. 2025 ఏప్రిల్‌ల పెట్టిన లెక్కల అక్కడ 21 ఏండ్లు నిండినోళ్లకు తక్కువల తక్కువ కూలి గంటకు 12.21 పౌండ్లుండె. నాలుగు వారాలకు 977 పౌండ్లు. బతకనీకె నెలకు 1,136 కావాలని అప్పుడు వాళ్లే అన్నరు గదా. అంటే ఆ కూలి తిండికి, కిరాయికి కూడ నిండదు. ఫీజు ఎట్ల కడ్తది? ఈ లెక్క వేసినంక మూడేండ్ల కిందటి సంగతి మాకు అర్థమైంది. ఇది అప్పుడు వేయాల్సిన లెక్క.

చదువు అయినంక రెండేండ్లు అక్కడ ఉండి ఉద్యోగం చూసుకోనిస్తరు, గ్రాడ్యుయేట్ రూట్ అంటరు. దాన్ని 18 నెలలకు తగ్గిస్తమని 2025 మేల వాళ్ల ప్రభుత్వం చెప్పింది. తర్వాత కూడ ఉండాలంటే కంపెనీ వీసా ఇప్పియ్యాలె. 2025 జూలై నుంచి దానికి మామూలుగ ఏడాదికి 41,700 పౌండ్ల జీతం ఉండాలె, కొత్తగ చదివినోళ్లకు కొంత తక్కువ. ఇంజినీరు చదివినోనికి అంత జీతం దొరకొచ్చు. ‘ఇంటర్నేషనల్ బిజినెస్’ అన్న పట్టా ఒక్కటే పట్టుకొని, పని అనుభవం లేకుండ పోయినోళ్లకు కష్టం. ఏ డిగ్రీ చదివినా ఈ కోర్సుల సీటు ఇస్తరు. అందుకే అంత మంది పోతరు, అందుకే పోటీ కూడ ఎక్కువ.

కన్సల్టెన్సీ గురించి ఒక మాట. మన దగ్గర ఫీజు తీసుకోలే, మంచోళ్లు అన్నది తండా అక్క. పిల్లను చేర్పిస్తే యూనివర్సిటీ వాళ్లకు కమీషన్ ఇస్తది. అడ్తి అన్నా గదే గదా. అడ్తి దగ్గరికి పోవుడు తప్పు కాదు, మనం పోతలేమా? కానీ ఆయన చెప్పిన రేటే రేటనుకోవద్దు. పది రోజుల గడువు గురించి పిల్ల తోనే యూనివర్సిటీకి సీదా మెయిల్ పెట్టిచ్చినం. ఈ ఏడు కాకుంటే తర్వాతి బ్యాచ్‌కు కూడ మార్చుకోవచ్చని జవాబు వచ్చింది. పది రోజులు ఎక్కడియో మరి.

ఇగ వేరే తొవ్వలు. మన రాష్ట్రంల ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు విదేశీ చదువు స్కీములు ఉన్నయి. ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా పూలే పేరు మీద. 20 లక్షల వరకు ఇస్తరు, తిరిగి కట్టేది లేదు. ఇంటి ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలె, డిగ్రీల 60 శాతం రావాలె, ఇంగ్లీషు పరీక్ష పాస్ కావాలె, వయసు 35 దాటొద్దు. ఇంగ్లండు ఉన్నది ఆ జాబితాల, మేనేజ్‌మెంట్ చదువు కూడ ఉన్నది. కానీ ఒక మెలిక ఉన్నది, గుర్తుపెట్టుకోన్రి. మొదటి 10 లక్షలు ఆ దేశంల దిగిన కాగితం చూపించినంకనే, రెండో 10 లక్షలు మొదటి సెమిస్టర్ పాసైనంకనే. అంటే మొదట్ల కట్టే పైసలు మనమే చూసుకోవాలె. ఆ సందులనే బయటి మిత్తి దూరుతది. బ్యాంకు చదువు లోను మంజూరు కాగితం ఉంటే ఆ 28 రోజుల ఖాతా చూపుడు అక్కరలేదు. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే ఆ పాత అక్కకు ఎంత మిగులుతుండెనో.

దేశం లోపల కూడ ఈ చదువు ఉన్నది. ఢిల్లీల ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్, 1963ల కేంద్ర వాణిజ్య శాఖ పెట్టింది, ఈ చదువుకే పెట్టింది. కలకత్తాల ఇంకోటి, 2022ల మన పక్క రాష్ట్రం కాకినాడల ఇంకోటి తెరిచిన్రు. కాకినాడల ఇంటర్ అయిన పిల్లలకు ఐదేండ్ల కోర్సు ఉన్నది, తర్వాత బయటికి వచ్చేటప్పుడు ఎంబీఏ పట్టాతోని వస్తరు. ఇంటర్ చదివే పిల్లలున్న అక్కలు ఇది రాసుకోన్రి. డిగ్రీ అయినోళ్లు రెండేండ్ల ఎంబీఏకు క్యాట్ పరీక్ష రాయాలె. ఎస్టీ, ఎస్సీ, ఓబీసీ రిజర్వేషన్ ఉన్నది. దేశంల చదివేటోళ్లకు పీఎం విద్యాలక్ష్మి అని 2024 నవంబర్‌ల కేంద్రం ఒప్పుకున్నది: జాబితాల ఉన్న కాలేజీల సీటు వస్తే జమానతు లేకుండ, భూమి కుదువ లేకుండ లోను. ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు మిత్తిల 3 శాతం సర్కారు కడ్తది. ఆ సీటు కొట్టుడు కష్టమే, అది కూడ దాచిపెట్టం. ఇంగ్లండు సీటు పైసలకు వస్తది, ఈ సీటు మార్కులకు వస్తది.

ఇవన్నీ విని వాళ్ల యాడి ఏడ్చింది. “పొమ్మనలేక ఇట్ల చెప్తున్నరా?” అన్నది. ఆ రోజే మాటలు బంద్ అయినయి, ఆమెకు, లెక్క వేసిన అక్కకు. పది రోజులకు పిల్లనే ఇద్దరిని కలిపింది.

మా తీర్మానం ఏందంటే: ఇంకొకరి పేరు మీద అప్పు లేదు. పట్టా కుదువ పెట్టుడు మీద సంఘం సంతకం చెయ్యదు, అది వాళ్ల ఇంటి ఇష్టం, కానీ వద్దని చెప్పినం. పిల్ల పరీక్షలకు, అప్లికేషన్లకు, పాస్‌పోర్టుకు సంఘం నుంచి తల్లి పేరు మీద 60 వేలు, ఇరవై నెలల కిస్తులు. పెద్ద అప్పు కావాలంటే పిల్ల పేరు మీద బ్యాంకు చదువు లోనే. బ్యాంకుకు మా గ్రామ సంఘం వాళ్లు తోడు పోవాలె, ఒంటరిగ పంపొద్దు.

పిల్ల ఇప్పుడు ఏం చేస్తున్నదంటే, ఇంగ్లీషు పరీక్ష రాసింది, కావాల్సిన మార్కు వచ్చింది. ఓవర్సీస్ స్కీముకు కాగితాలు తయారు చేసుకున్నది. నవంబర్‌ల క్యాట్ కూడ రాస్తనంటున్నది. అప్పటిదాక ఖాళీగ ఉండకుండ, ఒక మిర్చి ఎగుమతి వ్యాపారి దగ్గర లెక్కలు రాసే పనికి కుదిరింది. చిన్న జీతమే. కంటైనర్ కాగితాలు ఎట్ల తయారైతయో చేతులతోని చూస్తున్నది. మన వరంగల్ చపాట మిర్చికి 2025ల జీఐ గుర్తింపు వచ్చింది, మన మల్యాల పరిశోధన కేంద్రం వాళ్లు కూడ దానికి కష్టపడ్డరు. ఆ పేరు పెట్టుకొని అమ్మేటోళ్లు, పరాయి దేశంల కొనేటోన్ని వెతికేటోళ్లు మనోళ్లల్ల ఎవరన్నా ఉండాలె గదా అని పిల్ల అంటున్నది. పోతదో, ఇక్కడ్నే చదువుతదో మాకు తెల్వదు. ఏది వచ్చినా ముందు సమావేశంల చదివి వినిపిస్తనని మాట ఇచ్చింది.

వచ్చే నెల 10వ తారీఖు మధ్యాహ్నం రెండు గంటలకు మా గ్రామ సంఘం ఆఫీసుల ఆ స్కీము కాగితాలు, బ్యాంకు లోను ఫారం ఒక్కొక్క పేజీ చదివి తెలుగుల చెప్తది. పిల్లలను బయటికి పంపాలనుకుంటున్న అక్కలు ఏ ఊరోళ్లైనా రావచ్చు. కన్సల్టెన్సీ ఇచ్చిన కాగితం ఏదన్నా ఉంటే అసలుది కాదు, జిరాక్సు తెచ్చుకోన్రి. పిల్లను కూడ తోలుకరాన్రి.